సిస్టర్, మీ పేరేంటి?

మా ఇళ్ళలో ఆడపిల్ల పది పాసయితే ఏం చదువుతుందని అడిగేవాళ్ళు తక్కువ. రిష్తా ఏమైనా వచ్చిందా అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఇంకా చదువుతానంటే టీచర్ ట్రైనింగుకు సరేనంటారు. బడి సాయంత్రానికి మూసేస్తారు కదా. కుట్టుపనికి సరేనంటారు. మిషను ఇంట్లోనే ఉంటుంది కదా. నర్సు ట్రైనింగంటే మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మా ఆపా కూతురు ఇంటర్ బైపీసీ పాసయి, 2010లో నర్సింగు చదువుతానన్నప్పుడు మా ఇంట్లో జరిగిందదే. ముందు అమ్మీ నోరు విప్పింది. "రాత్ కూ డ్యూటీ? గైర్ మర్దాఁ కూ హాత్ లగానా?" అంది. దర్జీపని చేసే మా బావగారు ఏమీ అనలేదు, టేపు మెళ్ళో వేసుకుని కొట్టుకు వెళ్ళిపోయారు. పక్కింటి ఫూఫీ వచ్చి, "ఆ చదువు కిరస్తానీ పిల్లలది, మనదెట్లా అవుతుంది?" అనేసి పోయింది.

బీఏలో చరిత్ర చదివి పత్రికల్లో పడ్డ మాకు ఫూఫీ అన్న మాటే పట్టుకుంది. ఒక చదువు ఒకళ్ళదెట్లా అయింది? ఇంకొకళ్ళది ఎందుకు కాకుండా పోయింది?

గోదావరి జిల్లాల్లో నర్సమ్మ అనగానే జనం కళ్ళముందు మిషనాసుపత్రి మెదులుతుంది. అందులో అబద్ధం లేదు. రాజమండ్రిలో అమెరికా లూథరన్ మిషను వాళ్ళు, పిఠాపురంలో కెనడా బాప్టిస్టులు, భీమవరంలో మళ్ళీ లూథరన్లు ఆసుపత్రులు పెట్టారు. డాక్టర్ లిడియా వర్నర్ లాంటి ఆడ డాక్టర్లు సముద్రాలు దాటి రాజమండ్రి వచ్చారు. వాళ్ళ చేతికింద పని నేర్చుకోవడానికి పెద్దకులాల ఆడపిల్లలు రాలేదు. చీమూ నెత్తురూ ముట్టుకోవడం మైల కదా! మాల మాదిగ పల్లెల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళిన కుటుంబాల పిల్లలు వచ్చారు. ఊరు ఎవరిని ముట్టుకోనందో వాళ్ళే ఊరి రోగాన్ని ముట్టుకున్నారు. తెల్లచీర, తెల్లటోపీ, సిస్టర్ అనే పిలుపూ అట్లా వాళ్ళవయ్యాయి. ఈ నేల మీద నర్సు ఉద్యోగానికి గౌరవం వచ్చిందంటే అది ఆ పిల్లల చేతుల చలవ. ఈ మాట చెప్పకుండా మా గోడు చెప్పుకోవడం అన్యాయం.

అయితే ఇంకో మాట కూడా ఉంది. అసలు అంతమంది ఆడ డాక్టర్లూ నర్సులూ ఈ దేశానికి ఎందుకు కావలసి వచ్చారు? జనానాల్లో ఉన్న ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెయ్యి చూపించరు కాబట్టి. పరదా వెనక కాన్పు కష్టమై చచ్చిపోతున్నారు కాబట్టి. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున నిధి పెట్టింది అందుకే. ఆడవాళ్ళకు ఆడవాళ్ళ చేత వైద్యం చేయించడం, ఆడ డాక్టర్లనూ నర్సులనూ మంత్రసానులనూ తయారుచెయ్యడం ఆ నిధి పని. పరదా పెద్దింటి హిందూ ఆడవాళ్ళకూ ఉండేది, మాకూ ఉండేది. అంటే ఈ వృత్తి ఇక్కడ పెరిగిన కారణాల్లో మా పరదా ఒకటి. ఆఖరికి ఆ పరదానే చూపించి మా పిల్లలకు ఆ వృత్తి తలుపు మూశారు. మూసింది బయటివాళ్ళొక్కళ్ళేనా? లోపలి గడియ మేమే పెట్టుకున్నాం.

మా సెక్యులర్ మిత్రులు వెంటనే అంటారు: "చూశారా, మీ మతమే అడ్డం." కాస్త ఆగండి. మా మతం చెప్పిన సంగతి వేరే ఉంది. క్రీస్తుశకం 627లో, మదీనాలో ఖందక్ యుద్ధం నాడు, రుఫైదా అనే ఆడమనిషి డేరా వేసి గాయపడ్డ మగవాళ్ళకు కట్లు కట్టింది. బాణం దెబ్బ తిన్న సాద్ బిన్ ముఆజ్‌ను ఆ డేరాకే చేర్చమని ప్రవక్త చెప్పారు. యుద్ధాల్లో నీళ్ళు అందించి గాయాలు చూసిన ఆడవాళ్ళ సంగతి బుఖారీ హదీసుల్లోనే ఉంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు పరాయి చెయ్యి, సొంత చెయ్యి అనే లెక్క సడలుతుందని ఆలిములు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా వెళ్ళింది 1854లో. మాకు పన్నెండు వందల ఏళ్ళకు పైగా ముందే ఒక నర్సు ఉంది. మసీదు బయానుల్లో ఆమె పేరు మేం ఎన్నిసార్లు విన్నాం? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నైటింగేల్ అంటే గుర్తొచ్చింది. ఆవిడ ఇండియాలో అడుగుపెట్టలేదు గాని, మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. కరువు చావులు ఆగాలంటే కాలవలు తవ్వాలని 1870లలో దొరలతో వాదించింది. నర్సంటే డాక్టరు వెనక ట్రే పట్టుకుని నిలబడే మనిషని మనకు సినిమాలు చెప్పాయి. చావులకు లెక్కలు కట్టి, ఎక్కడ నీళ్ళు లేకా ఎక్కడ మురుగుతోనూ జనం పోతున్నారో కాయితం మీద పెట్టి సర్కారును నిలదీసిన మనిషి నర్సు అని ఎవరూ చెప్పలేదు.

మరి మా ఇళ్ళలోకి ఈ సిగ్గు ఎక్కడినుంచి వచ్చింది? మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. ఆడవాళ్ళు పోతే గుస్ల్ ఇచ్చేది ఆవిడే. ఎంత రోగంతో పోయినా, ఒళ్ళు ఎంత పాడైనా, గోరువెచ్చటి నీళ్ళతో పసిపిల్లను కడిగినట్టు కడిగేది. ఆవిడ వీధిలో నడుస్తుంటే అందరం సలాం చేసేవాళ్ళం. అది సవాబు పని. అదే చేత్తో బతికున్న మనిషి ఒళ్ళు తుడిస్తే, నెలకింతని జీతం తీసుకుంటే సిగ్గుపని ఎట్లా అవుతుంది? ఈ మైల లెక్క మా కితాబుల్లోది కాదు. ఊళ్ళో పక్కపక్కన బతుకుతూ పెద్దకులాల దగ్గర నేర్చుకున్నది. మమ్మల్ని అంటరాకుండా చూసే లెక్కనే మేం తెచ్చుకుని మా పిల్లల మీద పెట్టాం.

కువైట్ సంగతి కూడా చెప్పుకోవాలి. కోనసీమ నుంచి, నర్సాపురం వైపు నుంచి వేలమంది ఆడవాళ్ళు కువైటుకూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్ళారు. ఇప్పటికీ వెళ్తున్నారు. అక్కడ వాళ్ళను ఖద్దామా అంటారు. ముప్పై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఆ పనికి పంపకూడదని మన సర్కారు నిబంధన. ఏజెంట్లకు నిబంధనలు అడ్డమా? మా వీధి నుంచీ వెళ్ళారు. పాస్‌పోర్టు కఫీలు చేతిలో పెట్టి, అరబ్బు ఇంట్లో పగలనకా రాత్రనకా చాకిరీ చేసి, ఇక్కడ పైకప్పు వేయించారు. అప్పుడు ఎవరూ రాత్ కూ డ్యూటీ అని అడగలేదు. గైర్ మర్ద్ ఇల్లు అనీ అనలేదు. సముద్రం అవతల జరిగేది కంటికి కనపడదు. రాజమండ్రి ఆసుపత్రిలో నర్సు మాత్రం వీధి చివర ఆటో దిగుతుంది, అందరికీ కనపడుతుంది. మా పరువు కళ్ళలో ఉంది గాని పనిలో లేదు.

ఈ మాటే మా అమ్మీతో అన్నాం. ఆవిడ చాలాసేపు తస్బీ తిప్పుతూ కూచుని, "సరే, పంపించు. చేతులు శుభ్రంగా ఉంచుకోమని చెప్పు" అంది.

2007లో షేకులకూ మరికొన్ని ముస్లిం కులాలకూ బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఆ సర్టిఫికెట్ పట్టుకునే పిల్ల జీఎన్‌ఎం కోర్సులో చేరింది. అప్పట్లో ఆ కోర్సు మూడున్నరేళ్ళు.

చేరిన మొదటి వారమే తలమీద దుపట్టా గొడవ వచ్చింది. తీసెయ్యాలన్నారు. ఎందుకని పిల్ల అడిగింది. శుభ్రత కోసం అన్నారు. దానికి పిల్ల చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ ఇష్టం. "మేడం, చేతులు మోచేతులదాకా బోసిగా ఉండాలంటే ఒప్పుకుంటాను, అక్కడ సూక్ష్మక్రిములుంటాయి. మోచేతులదాకా కడుక్కోవడం నాకు కొత్త కాదు, రోజుకు ఐదుసార్లు వజూ చేస్తాను. జుట్టు పడకూడదంటే టోపీ పెట్టుకుంటాను, మెడదాకా కప్పే టోపీ ఇప్పించండి." ఆపరేషన్ థియేటర్లో అందరూ పెట్టుకునే గుడ్డటోపీతో ఆ గొడవ తీరింది. ఏది రోగి కోసమో, ఏది అలవాటు కోసమో విడదీసి చూడటం అక్కడ నేర్చుకుంది. నర్సుపని సగం అదేనని మాకు తర్వాత అర్థమైంది.

తీరని గొడవ ఇంకోటి ఉంది. రోగులంతా ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. ఓ రెండు రోజులయ్యాక చనువుగా "మీరు క్రిస్టియన్సా అండీ?" అని అడుగుతారు. కాదంటే "మరి మీ పేరేంటి?" అంటారు. పేరు చెప్తుంది. గదిలో ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ తర్వాత వచ్చే మాట మాకందరికీ తెలిసిందే: "అబ్బే, మీరు అట్లా కనపడరండీ!" ఎట్లా కనపడాలి మేం? ఏ కొలతలకు సరిపోతే తురకోళ్ళలా ఉంటాం? పొగుడుతున్నామనుకునే అంటారు. మావాళ్ళందరినీ ఒక పక్కకు నెట్టి, మాకొక్కళ్ళకే కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూచోవడం మాకు ఇష్టం లేదు.

ఇంటికొస్తే ఇంకో పేరు. మావాళ్ళు "నర్సమ్మ ఆయీ" అని వెటకారం. వచ్చిన రిష్తాల్లో మూడు, ఉద్యోగం మానితేనే అన్నాయి. ఆసుపత్రిలో ముస్లిం, ఇంట్లో నర్సు. రెండు చోట్లా కొరవడిన సగమే ఆమె పేరైంది.

చదువయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నెలకు ఆరువేలిచ్చారు. పన్నెండు గంటల డ్యూటీ. వరసగా రాత్రులే వేసి, "మీకు పండగలు వేరే కదా" అని దసరాకూ సంక్రాంతికీ ఆమెనే ఉంచేవారు. రంజాన్ వస్తే మాత్రం ఆ వేరే పండగ ఎవరికీ గుర్తుండేది కాదు. జీతాల సంగతి ఆమె ఒక్కదానిది కాదు, ముస్లిం సంగతీ కాదు. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో కోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. సిఫారసు కాయితం మీద ఉంది. ఆ మాట అడిగినప్పుడు మాత్రం ఆమె పక్కన క్రైస్తవ పిల్లా, కాపుల పిల్లా, కేరళ పిల్లా నిలబడ్డారు. వృత్తి పేరుమీద తనకు ఒక జట్టు ఉందని ఆమెకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

అప్పటికి ఆమె ముందు మూడు దారులున్నాయి. ఒకటి గల్ఫ్. ఖద్దామాగా కాదు, పరీక్ష రాసి నర్సుగా. 2015 నుంచి సౌదీ, కువైట్ లాంటి పద్ధెనిమిది దేశాలకు నర్సులు సర్కారు ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలన్నారు. దళారుల దోపిడీ అంతగా ఉండేది మరి. రెండోది, మరో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవడం. మూడోది పెళ్ళి చేసుకుని మానెయ్యడం. మా వీధంతా మూడోదానికే ఓటేసింది. పిల్ల రెండోదాన్ని ఎంచుకుంది. చదువయ్యాక కాంట్రాక్టు మీద సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది.

అంతలో 2020 వచ్చింది. మార్చి నెలాఖరున ఢిల్లీ మర్కజ్ వార్త రాగానే, రోగానికి మతం అంటగట్టారు. టీవీలు వాగినవి మళ్ళీ రాయనక్కర్లేదు. మా పళ్ళబండి వాళ్ళను వీధుల్లోకి రానివ్వలేదు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీ విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువుల్ని చేశారంది. ఆ తీర్పుకు ఎన్ని టీవీలు ఎన్ని గంటలిచ్చాయో చూసినవాళ్ళకు తెలుసు.

అదే సమయంలో మా పిల్ల కోవిడ్ వార్డులో ఉంది. రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లాల్లో తూర్పుగోదావరి ఒకటి. నెత్తినుంచి కాళ్ళదాకా కిట్టు, కళ్ళకు అద్దాలు, ముక్కుకూ నోటికీ మాస్కు. డాక్టరమ్మలూ నర్సులూ ఆయాలూ అందరూ ఒకేలా. ఆ ఏడాది దేశమంతా మా బురఖా వేసుకుందని మేం నవ్వుకున్నాం. ఎవరు ఎవరో తెలియదు గనక కిట్టు మీద గుండెల దగ్గర మార్కరుతో పేరు రాసుకునేవాళ్ళు. మొహం దాక్కుంది, పేరు ఒక్కటే బయటపడింది. ఒక రోగి ఆ పేరు చదివి, ఇంకో నర్సును పంపమన్నాడు. ఇంకో నర్సు వేరే వార్డులో ఉంది. ఆక్సిజన్ గొట్టం మా పిల్లే సరిచేసింది, బోర్లా పడుకోబెట్టింది, బెడ్‌పాన్ తీసింది. నాలుగు రోజులకు ఆయన తేరుకున్నాడు. కృతజ్ఞతలు చెప్పాడా అని అడిగాం. "చెప్పలేదు ఖాలా. చెప్తాడని చెయ్యలేదు కదా" అంది. మేం పత్రికకు కథ దొరుకుతుందనుకున్నాం. ఆమె దాన్ని కథ కానివ్వలేదు.

ఆమెకు తన దారి దొరికింది మాత్రం ఆ తర్వాత, కాన్పుల వార్డులో. ఒక తెల్లవారుజామున ఒక తల్లికి మామూలుగానే కాన్పయింది. మాయ పడింది, బిడ్డ ఏడ్చింది, అందరూ ఊపిరి తీసుకున్నారు. పావుగంటకు పిల్ల మళ్ళీ వెళ్ళి నాడి పట్టుకుంది. ఎనభై ఎనిమిది ఉన్నది నూట పన్నెండయింది. బీపీ మామూలుగానే ఉంది. "బీపీ ఆలస్యంగా నిజం చెప్తుంది ఖాలా, నాడి ముందు చెప్తుంది" అని మాకు చెప్పింది. పొట్టమీద చెయ్యి పెడితే గర్భసంచి గట్టి బంతిలా తగలాలి. మెత్తగా తగిలింది. అంటే లోపల నెత్తురు ఆగడంలేదు. ఒక చేత్తో పొట్ట మర్దనా చేస్తూనే డాక్టరును పిలిపించింది, డాక్టరు చెప్పిన మేరకు ఆక్సిటోసిన్ ఎక్కించింది, రక్తం సిద్ధం చేయమని కబురు పెట్టింది. తడిసిన గుడ్డలు పారెయ్యనివ్వకుండా తూకం వేయించింది. కాన్పయ్యాక అర లీటరు దాటి నెత్తురు పోతే ప్రమాదం కింద లెక్క. కంటి అంచనా తప్పుతుంది, తూకం తప్పదు. తల్లి దక్కింది.

తెల్లారాక కేసు షీటులో ఏ టైముకు నాడి ఎంత, ఏ మందు ఎప్పుడు, ఎంత నెత్తురు పోయింది, ఎవరికి ఎప్పుడు చెప్పింది, అన్నీ రాసి కింద సంతకం పెట్టింది. ఆ రాతను పెద్ద డాక్టరమ్మ చదివి, "ఇది రాసిన సిస్టరు ఎవరు?" అని అడిగింది. ఈసారి పేరు అడిగింది మతం కోసం కాదు. పని కోసం.

"నేను కాన్పుల నర్సును ఖాలా, ఇక అటూ ఇటూ వెతుక్కోను" అంది ఆ సాయంత్రం. నమాజుకు లేస్తూ అంది. ఆ రెండూ ఆమెకు వేరువేరుగా తోచలేదు. మా వీధిలో ముసలమ్మలు "జీ ఘబ్రారా" అంటే గుండెదడో, భయమో, నీరసమో విడమరిచి డాక్టరుకు తెలుగులో చెప్పేది ఆమే. ఉర్దూ ఇంట్లో పెరగడం, వజూ, అమ్మీ చెప్పిన శుభ్రత, ఇవన్నీ ఆ పనిలో ఆమెకు సాయపడ్డాయి. మీరు మమ్మల్ని మతం ఇంటి దగ్గర వదిలేసి రమ్మంటారు. మావాళ్ళు పని ఆసుపత్రి దగ్గర వదిలేసి రమ్మంటారు. ఒక మనిషిని ఇట్లా రెండు ముక్కలు చేసి రమ్మంటే వచ్చేది ఏ ముక్క?

మా మసీదు కమిటీ పెద్దల్ని మేం అడిగేది ఒకటే. ఈసారి జుమ్మా బయానులో రుఫైదా పేరు చెప్పండి. కట్నానికి చందాలు పోగుచేసే చేత్తోనే నర్సింగు ఫీజుకూ పోగుచెయ్యండి. ఆసుపత్రులు నడిపేవాళ్ళను అడిగేదీ ఒకటే. మా పిల్లల తల మీది గుడ్డ కొలిచే ముందు చేతిలో పనిని కొలవండి, కొలిచిన పనికి జీతం ఇవ్వండి.

ఈ ఏడాది మా వీధి నుంచి ఇద్దరు పిల్లలు నర్సింగుకు అప్లికేషన్ పెట్టారు. ఫారాలు మా ఆపా ఇంట్లోనే, బావగారి కుట్టుమిషను బల్ల మీద నింపారు. ఒక పిల్ల తల్లి మా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, రాత్రి డ్యూటీ ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాం. రాత్రిపూట కూడా మన ఆడవాళ్ళకు నొప్పులు వస్తాయి కదా అన్నాం. ఆమె కాసేపు ఆలోచించి, ఫారం మీద ఎక్కడ సంతకం పెట్టాలో అడిగింది.